సస్పెన్స్ నవలకి ఒక చీటీ

క్రైమ్ నవల మొదలుపెట్టేటప్పుడు పుస్తకంలో ఒక తెల్లకాగితం చీటీ, పెన్సిలు పెట్టుకోండి. పాత్ర పేరు, నేరం జరిగిన రాత్రి ఎక్కడున్నానని చెప్పాడు, ఎన్ని గంటలకి, ఏ పేజీలో. ఇంతే రాయండి. "తొమ్మిదింటికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను" అని 40వ పేజీలో ఒకడు అంటాడు. 200 పేజీలు దాటాక ఇంకెవరో మాటవరసకి "ఆ రోజు గోదారి ఉధృతంగా ఉందని సాయంత్రమే పంటు ఆపేశారు కదా" అంటారు. చీటీ ఉంటే అబద్ధం అక్కడే దొరికిపోతుంది. డిటెక్టివ్ కంటే ముందే పట్టుకుంటే ఆ ఆనందమే వేరు! హంతకుడెవరా అని ఊహించేకంటే అబద్ధమాడింది ఎవరా అని వెతకడం మేలు.

చారిత్రక నవలైతే, మనకు ముందే తెలిసిన సంగతి చీటీ పైన రాసేయండి. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల కథ అనుకోండి. అది 1852లో పూర్తయిందని తెలిసిందే. ఇక టెన్షనంతా అక్కడ రాళ్లు మోసిన కూలీ క్షేమంగా ఇల్లు చేరతాడా అన్నదాని మీదే. మధ్యలో ఫోన్ తీసి అసలు చరిత్ర వెతక్కండి, సస్పెన్స్ సగం పోతుంది.

డిస్టోపియా (మనుషుల్ని అణచివేసే ఊహాలోకపు కథ), ఫాంటసీలకి పేర్లకంటే ఆ లోకపు కట్టుబాట్లు రాసుకోండి. ఏది నిషిద్ధం, మంత్రం వేస్తే ఏం పోగొట్టుకోవాలి లాంటివి. చివరి మలుపు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

లైబ్రరీ పుస్తకమైతే తిరిగిచ్చే ముందు చీటీ తీసేయండి. తర్వాత చదివేవాళ్లకి గుట్టంతా తెలిసిపోతుంది.