చైనా మూలికా కషాయం కాచేటప్పుడు
చైనా సంప్రదాయ వైద్యులు రాసిచ్చిన మూలికలను ఇంట్లో కాచుకునేవారు ముందుగా పాత్ర విషయంలో జాగ్రత్తపడాలి. ఇనుము, అల్యూమినియం పాత్రలు మూలికల్లోని టానిన్ల వంటి పదార్థాలతో చర్య జరుపుతాయి కనుక అక్కడివారు మట్టికుండనే వాడతారు, అది దొరకనప్పుడు గాజు పాత్ర సరిపోతుంది. మూలికలు మునిగి, పైన రెండు వేళ్ల ఎత్తు నిలిచేలా చన్నీళ్లు పోసి, సుమారు 30 నిమిషాలు నానిన తరువాతే పొయ్యి మీద పెట్టి, మరుగు పట్టాక మంట తగ్గించి మరో 20 నుంచి 30 నిమిషాలు కాచాలి. వడకట్టగా మిగిలిన పిప్పిని మళ్లీ కాచి, రెండు కషాయాలనూ కలిపి రెండు పూటలుగా తాగడం అక్కడి వాడుక.

అన్నిటినీ ఒకేసారి వేయడం పెద్ద పొరపాటు. పుదీనా జాతి ఆకులోని సువాసన తైలం ఆవిరైపోతుంది కనుక దానిని చివరి 5 నిమిషాల్లోనే వేయాలి. గుల్లలు, ఖనిజాలు మిగతావాటికన్నా ముందే మరగాలి. ఫూజీ అనే నాభి దుంప సంగతి మరీ ముఖ్యం: శుద్ధి చేసినదైనా చాలాసేపు మరిగితేనే అందులోని అకోనిటైన్ విషం తగ్గుతుంది, కాబట్టి అనుభవజ్ఞుడైన వైద్యుని పర్యవేక్షణ లేకుండా దానిని ముట్టనే కూడదు. రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ వాడేవారు డాంగ్ గుయి వేరు కలిసిన కషాయం మొదలుపెట్టే ముందు తమ డాక్టరుకు తప్పక చెప్పాలి.