వెబ్ డిజైన్ కాపీ కొట్టినా, బిల్లు ఎగ్గొట్టినా: ఏ దరఖాస్తు, ఎక్కడ, ఎలా

మన దేశంలో వెబ్‌సైట్‌ను మొత్తంగా ఒకే దరఖాస్తుతో కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయరు. హోమ్‌పేజీ స్క్రీన్‌షాట్ అప్‌లోడ్ చేసి, ఐదొందలు కట్టేసి, ఇక ఎవడు కాపీ కొడతాడో చూస్తా అనుకుంటే కుదరదు. సైటులో ఉన్న ఒక్కో భాగానికి విడిగా దరఖాస్తు పెట్టాలని కాపీరైట్ ఆఫీసు స్పష్టంగానే చెప్పింది. కోడ్‌కి ఒకటి, రాసిన మ్యాటర్‌కి ఒకటి, గీసిన బొమ్మలకి ఒకటి. లేఅవుట్, మొత్తం లుక్, మామూలు ఐకాన్లు, సైటు పేరు, ఐడియా, వీటికి రిజిస్ట్రేషన్ రాదు. డిజైనర్లకి మండేదీ ఇక్కడే, ఎందుకంటే అవతలివాడు ముందు కొట్టేసేది లుక్కే కదా! అందుకే రిజిస్టర్ అయ్యేవాటిని రిజిస్టర్ చేసుకుని, మిగతాది అగ్రిమెంట్‌తో కట్టుదిట్టం చేసుకోవాలి.

అసలు రిజిస్ట్రేషన్ తప్పనిసరా అంటే, కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పని పుట్టిన క్షణం నుంచే హక్కు మీది, మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. మరి ఎందుకీ తిప్పలు అంటే, సెక్షన్ 48 ప్రకారం ఆ రిజిస్టర్‌లో ఉన్న వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన బరువు అవతలివాడి మీద పడుతుంది.

ముందు ఓనర్ ఎవరో తేల్చుకోండి

కంపెనీలో ఉద్యోగం చేస్తూ డ్యూటీలో భాగంగా చేసిన డిజైన్ కంపెనీదే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఫ్రీలాన్సర్‌గా రాసిన కోడ్‌కి మాత్రం మామూలుగా మీరే మొదటి ఓనర్. క్లయింట్ డబ్బులిచ్చాడు కాబట్టి హక్కులు వాటంతట అవే అతనికి వెళ్లిపోవు. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద ఉండాలి, సంతకం ఉండాలి, ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఫొటోల సంగతి వేరు. ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు, ఒప్పందం వేరేగా లేకపోతే, తీయించుకున్నవాళ్లదే.

కాబట్టి అగ్రిమెంట్‌లో ఈ ఒక్క వాక్యం మర్చిపోవద్దు: "మొత్తం బిల్లు చెల్లించిన రోజు నుంచే ఈ పని మీద హక్కులు క్లయింట్‌కి బదిలీ అవుతాయి, అప్పటిదాకా అన్ని హక్కులూ డిజైనర్‌వే." ఇది ఉంటే డబ్బు ఎగ్గొట్టి సైటు వాడుకుంటున్నవాడు బాకీదారు మాత్రమే కాదు, మీ హక్కును ఉల్లంఘిస్తున్నవాడు కూడా అవుతాడు. నా దృష్టిలో ఏ సర్టిఫికెట్ కన్నా ముందు కావాల్సింది ఇదే.

కాపీరైట్ దరఖాస్తు

కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో లాగిన్ క్రియేట్ చేసుకోండి. అంతా ఆన్‌లైనే, ఢిల్లీ ద్వారకలో ఉన్న ఆఫీసుకి పరుగెత్తక్కర్లేదు. నింపాల్సింది ఫారం 14, దాంతోపాటు రెండు వివరాల పట్టికలు. దరఖాస్తుదారు ఎవరు, రచయిత ఎవరు, పని పేరేంటి, పబ్లిష్ అయిందా లేదా, అయితే ఏ సంవత్సరం, ఏ దేశంలో అని అడుగుతుంది. సైటు లైవ్‌లో ఉంటే పబ్లిష్ అయినట్టే రాయండి. దరఖాస్తుదారు, రచయిత వేర్వేరైతే రచయిత దగ్గర నో అబ్జెక్షన్ లెటర్ తీసుకోవాలి. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి చేసి, ఒకరి పేరు మీదే వేసేస్తే తర్వాత అదో పెద్ద పంచాయితీ.

కోడ్ అయితే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కేటగిరీ ఎంచుకోవాలి. ఇక్కడ 2021లో వచ్చిన రూల్ ఒకటి జాగ్రత్తగా చూసుకోండి: సోర్స్ కోడ్ మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇవ్వాలి, మొత్తం 20 పేజీల లోపే ఉంటే అంతా ఇచ్చేయాలి, ఎక్కడా నల్లగీత కొట్టి దాచకూడదు. కాబట్టి పీడీఎఫ్ చేసే ముందు ఒకసారి కళ్లు పెట్టి చూడండి, డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే కీ లాంటివి కోడ్ మధ్యలో పడి ఉంటే (చాలామందికి ఉంటాయి, ఒప్పుకోరు అంతే) ముందు వాటిని వేరే ఫైల్‌లోకి మార్చండి. ఇంకోటి, మొదటి పేజీలోనే బూట్‌స్ట్రాప్ (ఎవరైనా వాడుకునే రెడీమేడ్ కోడ్) లైసెన్స్ కామెంట్ కనబడితే అది మీ కోడ్ కాదని మీరే చెప్పినట్టు. ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, కొనుక్కున్న థీమ్ తీసేసి, మీరు సొంతంగా రాసింది మాత్రమే పెట్టండి.

ఫీజు సాఫ్ట్‌వేర్‌కి, రాసిన మ్యాటర్‌కి, మామూలు బొమ్మలకి ఒక్కోదానికి 500 రూపాయలు. లోగో లాంటిది, అంటే వ్యాపారంలో వాడే బొమ్మ అయితే 2,000, దానికి తోడు అలాంటి ట్రేడ్‌మార్క్ ఇంకెవరికీ లేదని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్ కూడా కావాలి. డబ్బు కట్టగానే డైరీ నంబర్ వస్తుంది. అది దాచుకోండి, స్టేటస్ చూడటానికి అదే ఆధారం.

తర్వాత 30 రోజులు ఎవరైనా అభ్యంతరం చెబుతారేమో అని ఆగుతారు. ఎవరూ రాకపోతే ఎగ్జామినర్ చూస్తారు. తేడా కనబడితే లెటర్ పంపుతారు, దానికి గడువులోగా జవాబివ్వాలి, అవసరమైతే హియరింగ్ కూడా ఉంటుంది. ఆ మెయిల్ స్పామ్‌లో పడి, జవాబు ఇవ్వక దరఖాస్తు మూలన పడితే ఫీజు వెనక్కి రాదు. వారంలోనో రెండు వారాల్లోనో చేతికొచ్చే పని కాదిది, నెలలు పడుతుంది.

ఎవడో కొట్టేశాడు, ఇప్పుడేంటి

సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. ముందు కాపీ అయిన పేజీ స్క్రీన్‌షాట్లు తేదీ, అడ్రస్ కనబడేలా తీసి, వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్‌పేజీల పాత రూపాలను దాచిపెట్టే సైటు) సేవ్ చేసి, అప్పుడు హోస్టింగ్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. అవతలివాడికి ముందే ఫోన్ చేసి తిడితే సాక్ష్యం చెరిపేస్తాడు. 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూల్ ప్రకారం సరైన ఫిర్యాదు అందాక సంస్థ 36 గంటల్లో ఆ కంటెంట్‌ను అందుబాటులో లేకుండా చేయాలి, ఆ నిలిపివేత 21 రోజులు ఉంటుంది, ఆ లోపు మీరు కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. హోస్టింగ్ అమెరికా కంపెనీదైతే వాళ్ల డీఎంసీఏ (అక్కడి కాపీరైట్ చట్టం) ఫిర్యాదు ఫారం నింపితే సరిపోతుంది. కేసు వేయాల్సి వస్తే సెక్షన్ 62 వల్ల మీరుండే ఊరి జిల్లా కోర్టులోనే వేయొచ్చు, కాపీ కొట్టినవాడు గుర్గావ్‌లో ఉన్నా సరే.

బిల్లు ఇవ్వట్లేదు

దీనికి కాపీరైట్ ఆఫీసుతో సంబంధం లేదు. ఇక్కడ పనికొచ్చేది 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన చట్టం. దానికి ముందు మీకు కావాల్సింది ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే అలాంటి సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు. ఫ్రీలాన్సర్ ఒక్కరే అయినా తీసుకోవచ్చు. ఆధార్, పాన్, ఓటీపీ చాలు, పూర్తిగా ఉచితం. ఎవరైనా వెయ్యో రెండు వేలో అడిగితే అది ప్రభుత్వ సైటు కాదు, బయటికొచ్చేయండి. యాక్టివిటీ దగ్గర సర్వీసెస్ ఎంచుకుని, 62012 కోడ్ వెతకండి, వెబ్‌పేజీ డిజైనింగ్‌కి ఉన్నది అదే.

ఇది పని ఒప్పుకోక ముందే చేయించుకోండి. పని అయ్యాక తీసుకున్న రిజిస్ట్రేషన్ పాత బిల్లులకు పనికిరాదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ ప్రశ్నను పెద్ద బెంచ్‌కి పంపారు, కానీ ఆ తీర్పు మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం దండగ.

చట్టం ఏమంటుందంటే, అగ్రిమెంట్‌లో గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. లెక్క మొదలయ్యేది పని అప్పజెప్పిన రోజు నుంచి. డెలివరీ అయిన 15 రోజుల్లోగా క్లయింట్ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే పని ఒప్పుకున్నట్టే. అందుకే సైటు లైవ్ చేసిన రోజే "ఈరోజు పని పూర్తిగా అప్పగించాను" అని తేదీ, లింకు, ఇన్‌వాయిస్ నంబర్‌తో ఒక మెయిల్ కొట్టండి. ఫోన్లో చెప్పానండీ అంటే ఈ బాకీల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఎవరూ వినరు. ఆలస్యానికి వడ్డీ ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం అన్నమాట.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇంతకాలం సమాధాన్ పోర్టల్‌లో పెట్టేవాళ్లం, 2025 జూన్‌లో కేంద్రం ఓడీఆర్ (ఆన్‌లైన్‌లో వివాదాలు పరిష్కరించే) పోర్టల్ తెచ్చింది. ఉద్యం నంబర్‌తో లాగిన్ అయి, క్లయింట్ పేరు, అడ్రస్, వర్క్ ఆర్డర్, ఇన్‌వాయిస్‌లు, ఎంత వచ్చింది, ఎంత రావాలి అన్నీ నింపాలి. వర్క్ ఆర్డర్ లేకపోతే పని ఒప్పుకున్న మెయిళ్లు, వాట్సాప్ చాట్ పెట్టండి. ఫోన్ మాత్రం పారేయకండి, చాట్‌ను సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఫిర్యాదు మీ రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. మీరు విజయవాడలో ఉండి క్లయింట్ బెంగళూరులో ఉన్నా విచారణ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లోనే. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి విని తీర్పు చెప్పడం. చట్టంలో 90 రోజులని ఉంది గానీ అంతలో తేలుతుందని లెక్కలేసుకోవద్దు. మీకు అనుకూలంగా వచ్చాక క్లయింట్ దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే 75 శాతం డబ్బు ముందు డిపాజిట్ చేయాలి. ఆ మాట నోటీసులో రాస్తే చాలామంది అక్కడే దిగొస్తారు. గడువు దాటిన బాకీని కట్టేదాకా ఖర్చు కింద చూపుకోవడానికి కుదరదని 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని 2023లో చేర్చారు, దాని సంగతి క్లయింట్ ఆడిటర్ చెవిన వేసినా పని జరుగుతుంది.

ఒకటి మాత్రం చేయొద్దు. కోపంలో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయడం, సైటు డిలీట్ చేసేయడం. క్లయింట్ సర్వర్‌లో పర్మిషన్ లేకుండా ఆ పని చేస్తే ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 43, 66 కింద కేసు మీ మీదే పడుతుంది. దాని బదులు మిగతా డబ్బు పడేదాకా సైటును మీ సర్వర్‌లోనే డెమోగా ఉంచి, చివరి విడత అందాకే వాళ్ల హోస్టింగ్‌లోకి మార్చండి. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్ల కంపెనీకి చేస్తుంటే ఈ పద్ధతి తప్పదు, ఇక్కడి కౌన్సిల్ ఆర్డర్‌తో అక్కడ వసూలు చేయడం అయ్యే పని కాదు కాబట్టి సగం అడ్వాన్స్ తీసుకునే మొదలుపెట్టండి.