గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు తిండిలో, అలవాట్లలో ఏం మార్చుకోవాలి? మూడు నెలల ముందే మొదలుపెట్టాల్సిన పనులు

పెళ్లై ఏడాది తిరగ్గానే 'ఏమైనా విశేషమా?' అని అడిగే బంధువులకు కొదవ ఉండదు. ఆ విశేషానికి ముందు ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. మగవారిలో ఒక వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు సిగరెట్ మానేస్తే ఆ ఫలితం వీర్యంలో కనిపించేది దాదాపు మూడో నెలలో. ఆడవారికి రక్తహీనత సరిచేసుకోవాలన్నా, షుగర్‌నూ థైరాయిడ్‌నూ అదుపులోకి తెచ్చుకోవాలన్నా ఇంచుమించు అంతే సమయం కావాలి. అందుకే కింద చెప్పినవి మూడు నెలల ముందు నుంచి, ఇద్దరూ కలిసి చేయాలి.

1. ముందు రక్తపరీక్షలు

సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బ్లడ్ గ్రూప్, రుబెల్లా ఐజీజీ (రుబెల్లా అనే వైరస్ జబ్బు నుంచి రక్షణ ఉందో లేదో చెప్పేది), తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు క్యారియర్లేమో, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉందేమో చెప్పే హెచ్‌పీఎల్‌సీ. వీటితో పాటు బీపీ. హైదరాబాద్‌లోనైతే సర్కారు బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబ్‌ల ద్వారా వీటిలో చాలావరకు ఉచితంగానే చేస్తారు.

రిపోర్టులో ఏం చూడాలంటే, హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. షుగర్ ఉన్నవారు హెచ్‌బీఏ1సీని 6.5 లోపుకు తెచ్చుకున్నాకే ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది. 10 దాటి ఉంటే అది తగ్గేదాకా గర్భనిరోధకం వాడాల్సిందే, ఎందుకంటే బిడ్డ అవయవాలు ఏర్పడే మొదటి వారాల్లోనే ఎక్కువ షుగర్ దెబ్బతీస్తుంది. థైరాయిడ్ మాత్ర వాడేవారికి డాక్టర్లు సాధారణంగా టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా డోసు సర్దుతారు. ఆ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ టీలు ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ మధ్య 4 గంటలు ఉండాలి. అన్నీ కలిపి పొద్దున్నే ఒక్కసారిగా మింగేయడం వల్లే చాలామందికి డోసు పెంచినా టీఎస్‌హెచ్ దిగదు.

రుబెల్లా రక్షణ లేదని తేలితే ఎంఎంఆర్ టీకా వేయించుకుని, ఆ తర్వాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భం వచ్చాక ఆ టీకా వేయరు.

మీది మేనరికమైతే, లేదా రెండు కుటుంబాల్లో ఎక్కడైనా చిన్నతనంలోనే పోయిన పిల్లలు, పుట్టుకతో సమస్యలున్న పిల్లలు ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్ ముందే చేయించుకోండి. పంజాగుట్ట నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. భార్యాభర్తలిద్దరూ తలసీమియా క్యారియర్లైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ సంగతి కడుపులో బిడ్డ పడ్డాక తెలియడం కంటే ముందే తెలిస్తే దారులు ఎక్కువ.

2. ఫోలిక్ యాసిడ్: నెల తప్పాక కాదు, ముందే

బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం పిండం పడిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందని గమనించి, టెస్ట్ చేసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ 28 రోజులు దాదాపు అయిపోతాయి. అప్పుడు రాసిచ్చే మాత్ర ఈ ఒక్క పనికి ఆలస్యమే.

కావాల్సింది రోజుకు 400 మైక్రోగ్రాములు. కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు మొదలుపెట్టి, గర్భం వచ్చాక 12 వారాల వరకు వాడాలి. మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ అని అడిగితే చాలాచోట్ల 5 మిల్లీగ్రాముల మాత్ర చేతిలో పెడతారు. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండు రెట్లకు పైనే. అంత డోసు షుగర్ ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడేవారికి, ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవారికి డాక్టర్ రాస్తారు. మిగతావారు స్ట్రిప్ మీద ఎంతుందో చదివి తీసుకోండి.

'ఆకుకూరలు తింటున్నాం కదా, మాత్ర ఎందుకు?' అంటారు. తినండి, మంచిదే. కానీ పాలకూరను ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ (ఆహారంలో ఉండే ఫోలిక్ యాసిడ్) సగం దాకా ఆ నీళ్లతోనే పోతుంది. మాత్రకు ఆకుకూర తోడు మాత్రమే.

3. కంచంలో ఏం మారాలి

మన ఇళ్లలో కంచం నిండా అన్నం, అంచున కూర. దాన్ని తిరగేయాలి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు అన్నమో జొన్నరొట్టో. మిగతా పావు పప్పు, గుడ్డు, చేప, చికెన్, శనగలు, పెరుగు.

పప్పు రోజూ తింటున్నాం అనుకునేవాళ్లు ఒకసారి కొలిచి చూసుకోండి. నలుగురికి చేసే పప్పుచారులో పడేది ఒక టీ గ్లాసు కందిపప్పు, అంటే దాదాపు 100 గ్రాములు. మనిషికి వచ్చేది 25 గ్రాములు, అందులో ప్రొటీన్ 5, 6 గ్రాములు. 55 కిలోల మహిళకు రోజుకు కావాల్సింది సుమారు 46 గ్రాములు. కాబట్టి ముద్దపప్పో ఆకుకూర పప్పో చేసుకుని, నలుగురికి రెండు గ్లాసులు వేయండి. పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ బదులు పెసరట్టు, లేదంటే ఇడ్లీ పక్కన రెండు ఉడికించిన గుడ్లు. వాటితోనే 12 గ్రాములు వస్తుంది. సాయంత్రం మిర్చి బజ్జీల బదులు గుగ్గిళ్లు. శాకాహారులు బీ12 పరీక్ష కూడా చేయించుకోవాలి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవారు మరీ ముఖ్యంగా.

చేపల్లో బొచ్చె, రవ్వ, కొరమీను వారానికి రెండుసార్లు హాయిగా తినవచ్చు. సొర లాంటి పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి వాటిని వదిలేయండి. కాలేయం కూర మీద ఇష్టం ఉన్నా ఈ నెలల్లో వద్దు. అందులో విటమిన్ ఏ మోతాదు మించి ఉంటుంది, అది పిండానికి హాని.

బిర్యానీ మానేయాలా? అక్కర్లేదు. వారానికి ఒకసారి, ఒక సింగిల్ ఇద్దరు పంచుకుని, పక్కన కూల్‌డ్రింక్ లేకుండా తినండి. ముక్కలు ఎక్కువ, అన్నం తక్కువ వడ్డించుకుంటే చాలు. నష్టం చేసేది నెలకోసారి తినే హలీమో బిర్యానీయో కాదు, రోజూ రాత్రి పదకొండింటికి యాప్‌లో తెప్పించుకునే భోజనం.

4. ఐరన్‌ను చాయ్ మింగేస్తోంది

ఇది హైదరాబాద్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన విషయం. మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. తోటకూర, శనగలు, నువ్వులు తిన్నా, అన్నం తిన్న పది నిమిషాలకు చాయ్ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని అదే సంస్థ సూచన.

దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. పప్పులో నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగా కాకుండా, దించి కాస్త చల్లారాక పిండండి. వేడికి విటమిన్ సీ పోతుంది. భోజనం చివర సగం జామకాయ తింటే ఐరన్ ఇంకా బాగా ఒంటపడుతుంది. ఐరన్ మాత్ర వేసుకునేవారు పాలతో కాకుండా నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోవాలి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మామూలే.

కెఫీన్ లెక్క వేరు. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. బాగా మరిగిన ఇరానీ చాయ్‌ను ఎక్కువ వైపే లెక్కేసుకోండి. ఆఫీసులో అయిదు చాయ్‌లు తాగేవారికి కెఫీన్‌తో పాటు కప్పుకు రెండు చెంచాల చొప్పున 50 గ్రాముల చక్కెర కూడా లోపలికి పోతోంది. ఉస్మానియా బిస్కెట్ల లెక్క దీనికి అదనం. రెండు చాయ్‌లకు తగ్గించండి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి నాలుగైదు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి.

5. బరువు, నడక, నిద్ర

మన శరీర తత్వానికి బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు కిందే లెక్క. పీసీఓఎస్ (అండం విడుదలను దెబ్బతీసే హార్మోన్ల సమస్య) ఉండి నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నవారికి ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా అండం మళ్లీ విడుదల కావడం మొదలయ్యే అవకాశం ఉంది. 70 కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. వారానికి అర కిలో వేగం చాలు. పూర్తిగా అన్నం మానేసి, రోజు విడిచి రోజు ఉపవాసం ఉండి పది కిలోలు దించేస్తే అసలు నెలసరే ఆగిపోవచ్చు. బాగా సన్నగా ఉన్నవారికీ ఇదే సమస్య, వాళ్లు బరువు పెరగాలి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. కేబీఆర్ పార్కే కానక్కర్లేదు, కాలనీ రోడ్డైనా సరే. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి.

మాదాపూర్, గచ్చిబౌలిలో నైట్ షిఫ్టులు చేసేవారికి అసలు ఇబ్బంది షిఫ్టు వారం వారం మారడం. వీలైతే మూడు నెలలు ఒకే షిఫ్టు అడిగి తీసుకోండి. పగలు నిద్రకు మందపాటి కర్టెన్లు వేసుకుని 7 గంటలు పడుకోండి.

6. భర్త మార్చుకోవాల్సినవి

పరీక్షలన్నీ ఆమెకు చేయించి, ఆయన్ను చివర్లో ఎప్పుడో తీసుకొచ్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. సమస్యల్లో గణనీయమైన భాగం మగవారి వైపు నుంచే.

సిగరెట్, గుట్కా, జర్దా పూర్తిగా మానాలి. ఇంట్లో ఆయన తాగే పొగ ఆమెకూ హానే. ఆయన మద్యం ఎంత తగ్గిస్తే అంత మంచిది, ఆమె అసలు ముట్టకూడదు. వృషణాలు శరీరం కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి. ఒళ్లో ల్యాప్‌టాప్, జిమ్ స్టీమ్ రూమ్, బిగుతు లోదుస్తులు మానుకోవాలి. హోటల్ భట్టీల దగ్గర, బేకరీ ఓవెన్ల ముందు గంటల తరబడి నిలబడే పని చేసేవారు ఆ విషయం డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

ఇప్పుడు ఎక్కువగా దెబ్బతీస్తున్నది జిమ్‌లో కండల కోసం వేసుకునే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు సంకేతాలు పంపడం ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో సున్నాకు చేరుతుంది. ఆపాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఏడాది దాటడమూ ఉంది. ఏమేం వాడారో దాచకుండా చెప్పండి.

సెమెన్ అనాలిసిస్‌కు (వీర్య పరీక్షకు) ముందు 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండాలి. శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. మన ట్రాఫిక్‌లో ఇంటి నుంచి తీసుకెళ్లడం కంటే ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. ఈ మధ్య డెంగీయో గట్టి జ్వరమో వచ్చి ఉంటే వీర్యకణాల కౌంట్ తగ్గి కనిపిస్తుంది, మూడు నెలలాగి మళ్లీ చేయించాలి.

7. రోజుల లెక్క

అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా ఉంటాయి. కాబట్టి అవకాశమున్నవి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. చాలామంది చేసే పొరపాటు అందరికీ 14వ రోజే అనుకోవడం. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. నెలసరి 28 నుంచి 34 రోజుల మధ్య మారుతుంటే, 28 లోంచి 14 తీస్తే 14వ రోజు, 34 లోంచి తీస్తే 20వ రోజు. ముందు అయిదు రోజులు కలుపుకుంటే 9వ రోజు నుంచి 20వ రోజు వరకు, రోజు విడిచి రోజు కలవాలి. నెలసరి మొదలైన రోజే 1వ రోజు. తెల్లబట్ట గుడ్డు తెల్లసొనలా జిగురుగా సాగుతుంటే ఆ రోజు దగ్గరపడిందని గుర్తు. పీసీఓఎస్ ఉన్నవారికి ఓవ్యులేషన్ కిట్ (అండం విడుదల రోజును మూత్రంతో పసిగట్టే కిట్) తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు, దాన్నొక్కదాన్నే నమ్మకండి.

ఒకరిది పగలు, ఒకరిది రాత్రి షిఫ్టు అయితే ఆ వారానికి ముందే వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకోండి. లాలాజలం, షాపుల్లో దొరికే చాలా జెల్స్ వీర్యకణాల కదలికను మందగింపజేస్తాయి. కలయిక తర్వాత కాళ్లు పైకెత్తి గంటసేపు పడుకోనక్కర్లేదు.

8. మందులు, పొడులు

మూర్ఛ, బీపీ, మానసిక సమస్యల మందులను సొంతంగా ఆపకండి, మార్చాలా వద్దా డాక్టర్‌ను అడగండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ ఆపాక కనీసం నెల రోజులు ఆగాలి. 'సంతానప్రాప్తి' పేరుతో అమ్మే పొడుల్లో, భస్మాల్లో ఏముందో లేబుల్ మీద లేకపోతే వద్దు. వాటిలో సీసం ఉండే ప్రమాదముంది.

9. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

ఆమెకు 35 లోపైతే ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే 6 నెలలకు, 40 దాటితే వెంటనే. నెలసరి క్రమం తప్పినా, ఆమెకు గతంలో టీబీ వచ్చినా, పొత్తికడుపు ఆపరేషన్ అయినా, ఆయనకు వృషణాల ఆపరేషన్ అయినా, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చినా ఆగకుండా వెళ్లండి. వెళ్లేటప్పుడు 6 నెలల నెలసరి తేదీలు, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల స్ట్రిప్‌లు పట్టుకుని ఇద్దరూ వెళ్లండి.

టెస్ట్ పాజిటివ్ వచ్చాక ఫోలిక్ యాసిడ్ ఆపకండి. ఆ తొలి వారాల్లో కడుపులో ఒక పక్క గట్టి నొప్పి, రక్తం కనపడటం, కళ్లు తిరగడం ఉంటే అపాయింట్‌మెంట్ రోజు దాకా చూడకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబ్‌లో పడి ఉండవచ్చు.