డౌన్‌లోడ్ చేసుకున్న పైథాన్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడం ఎలా?

నెట్ సరిగా అందని కంప్యూటర్‌లోకి పైథాన్ ప్యాకేజీ ఎక్కించాలంటే ముందే ఫైలు దించుకోవాలి. ఆ ఫైలు సాధారణంగా ‘వీల్’ రకానిది, పేరు చివర డాట్ డబ్ల్యూహెచ్‌ఎల్ ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేసి లాభం లేదు. పైథాన్‌తో పాటు వచ్చే పిప్ దాన్ని ఇన్‌స్టాల్ చేస్తుంది. విండోస్‌లో ఎలాగో చూద్దాం. ఇక్కడ చెప్పే ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

అన్నిటికన్నా ముందు ఫైలు పేరు చదవండి. సగం ఎర్రర్లు ఇక్కడే తప్పిపోతాయి. ఉదాహరణకు, లెక్కలకు వాడే నంపై ప్యాకేజీ ఫైలుకు ‘నంపై-2.1.0-సీపీ312-సీపీ312-విన్_ఏఎండీ64’ అని పేరుందనుకోండి. 2.1.0 ప్యాకేజీ వెర్షన్. సీపీ312 అంటే పైథాన్ 3.12కి మాత్రమే. విన్_ఏఎండీ64 అంటే 64 బిట్ విండోస్. ఏఎండీ అని ఉంది కదా అని ఇంటెల్ ప్రాసెసర్ వాళ్లు వెనకాడక్కర్లేదు, అది వాళ్లకీ పనిచేస్తుంది. చివర ‘నన్-ఎనీ’ అని ఉంటే ఏ సిస్టమ్‌కైనా సరిపోతుంది. మీ పైథాన్ వెర్షన్ తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే విండోలో, పీవై అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని వెర్షన్ అని టైప్ చేయండి. వెర్షన్ కలవకపోతే, ఈ ప్లాట్‌ఫామ్‌కి సరిపోని వీల్ అంటూ పిప్ ఆపేస్తుంది. పేరు మార్చి దాన్ని ఏమార్చాలని చూడకండి. ఒకే ఫైలు రెండుసార్లు దించినప్పుడు బ్రౌజర్ చివర తగిలించే బ్రాకెట్లలోని 1 కూడా ఇబ్బంది పెడుతుంది, దాన్ని మాత్రం తీసేయండి.

ఫైళ్లను పైథాన్ ప్యాకేజీల అధికారిక సైటు పైపీఐ నుంచే తీసుకోండి. అక్కడ ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ256 కోడ్ ఇస్తారు, ఫైలు మారిపోలేదని తేల్చుకోవడానికి అది వేలిముద్ర లాంటిది. పిప్ హ్యాష్ ఆదేశం చూపే కోడ్ దాంతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. వేరేచోట దొరికిన ఫైలైతే ఈ పని అసలు మానొద్దు.

ఇప్పుడు ఫైలున్న ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. ‘పీవై -ఎమ్ వెన్వ్ సాధన’ అంటే ‘సాధన’ పేరుతో విడి వాతావరణం తయారవుతుంది. ఒక ప్రాజెక్టు ప్యాకేజీలు మరోదాన్ని చెడగొట్టకుండా ఇది కాపాడుతుంది. తర్వాత ‘సాధన\స్క్రిప్ట్స్\యాక్టివేట్’ కొట్టండి. లైను మొదట్లో బ్రాకెట్లలో సాధన అని కనిపించాలి.

ఆపైన ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’ అని, ఖాళీ వదిలి, ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు దానంతటదే వస్తుంది. ఎంటర్ నొక్కండి.

కొన్ని ప్యాకేజీలకు వేరే ప్యాకేజీలు కావాలి, వాటికోసం పిప్ నెట్‌లోకి వెళ్తుంది. నెట్ లేకపోతే, అదే పైథాన్ వెర్షన్, అదే రకం విండోస్ ఉన్న మరో కంప్యూటర్‌లో ‘పిప్ డౌన్‌లోడ్’ ఆదేశంతో అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి దించి తెచ్చుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘--నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్=.’ జోడిస్తే పిప్ ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది.

ఎక్కిందో లేదో చూడటానికి పైథాన్ తెరిచి ‘ఇంపోర్ట్ నంపై’ అనండి. ఎర్రర్ లేకుండా మూడు బాణాల గుర్తు మళ్లీ వస్తే పని అయినట్టే. మాడ్యూల్ లేదంటే, కొత్త విండో తెరిచి యాక్టివేట్ చేయడం మర్చిపోయారేమో ముందు చూసుకోండి.