స్టాంపులో లోగో నల్లటి ముద్దయిపోతోందా?

సమస్య: ఫోన్లో బాగుంది, స్టాంపు మీద లేదు

విశాఖ ఎంవీపీ కాలనీలో టిఫిన్ సెంటర్ పెడుతున్న ఒకాయన లోగో పట్టుకొచ్చారు. డాల్ఫిన్ నోస్ కొండ, మీద లైట్‌హౌస్, కింద అలలు, వెనక సూర్యుడు, ఉబ్బెత్తు బంగారు అక్షరాలు, వాటికి నీడ. ఫోన్లో మెరిసిపోతోంది. బిల్లుల కోసం రబ్బరు స్టాంపు చేయిస్తే అంతా కలిసి ఒకే మరక. "ఏటి బాబూ, దోసె మాడిపోయినట్టుంది?" అన్నారు.

కారణం: స్టాంపుకి తెలిసింది సిరా అంటడం, అంటకపోవడం. బంగారు రంగు మెల్లగా గోధుమలోకి మారే గ్రేడియంట్ దానికి పట్టదు. నీడలు నల్లబడతాయి, సన్నగీతలు పూడిపోతాయి. టీషర్టు మీద ఎంబ్రాయిడరీ, అద్దానికి అంటించే వినైల్ కటింగ్ కూడా దాదాపు ఇంతే.

పరిష్కారం: ఎఫెక్టులన్నీ తీసేసి, నలుపొక్కటే ఉంచి, బొటనవేలి గోరంత సైజులో ప్రింటు తీయండి. గుర్తుపట్టలేకపోతే ఆకారంలోనే లోపం. మేం సూర్యుణ్ణి, అలల్ని, లైట్‌హౌస్‌ని తీసేశాం. కొండ వంపునే ఇడ్లీలా గుండ్రం చేసి, పైన ఒక ఆవిరి గీత పెట్టాం. ఆయన ముఖం చిన్నబోయింది: "రెండు గీతలకా ఇంత డబ్బు?" 1971లో నైకీ టిక్కు గీసిన విద్యార్థినికి ముందు ఇచ్చింది 35 డాలర్లే. ఆ ముక్క ఆయనకి చెప్పలేదు, బేరం మొదలెడతారని.

సమస్య: వాట్సాప్ డీపీలో పేరు చదవలేకపోతున్నారు

డీపీ గుండ్రంగా, చిన్నగా కనిపిస్తుంది. పక్కన పేరు ఎలాగూ ఉంటుంది కాబట్టి గుర్తు ఒక్కటే పెట్టండి.

సమస్య: షాపు బోర్డుకి పెద్దది చేస్తే అంచులు మసక

మీ దగ్గరున్నది జేపీజీ అయ్యుంటుంది. అది చుక్కల బొమ్మ, సాగదీస్తే చెదురుతుంది. డిజైనర్ని వెక్టర్ ఫైల్ అడగండి, అది చుక్కలతో కాక గీతలతో కట్టిన బొమ్మ, ఎంత పెంచినా మసకబారదు. పీడీఎఫ్ ఇచ్చారని ధీమాగా ఉండకండి, అందులో జేపీజీనే అతికించి ఇచ్చేవాళ్లున్నారు. బాగా జూమ్ చేయండి: అంచు మెట్లుమెట్లుగా కనబడితే తిప్పి పంపేయండి.

సమస్య: నాలుగేళ్లకే పాతబడింది

ఆ ఏడాది అందరూ వాడిన ఎఫెక్టే మీరూ వాడి ఉంటారు. యాపిల్ లోగో 1977లో ఇంద్రధనస్సు రంగులతో వచ్చింది, తర్వాత రంగులు పోయాయి, గాజు మెరుపులొచ్చాయి, అవీ పోయాయి. కొరికిన పండు ఆకారం మాత్రం దాదాపు అదే. గ్రేడియంట్ తప్పేమీ కాదు, 2016లో ఇన్‌స్టాగ్రామ్ దాన్నే వాడుకుంది. కానీ రంగులు తీసేసినా అది కెమెరాయే.

మా టిఫిన్ సెంటర్ ఆయన ప్రారంభోత్సవం ఫ్లెక్సీకి మాత్రం బంగారు రంగు, నీడ ఉండాల్సిందే అన్నారు. వేసిచ్చాను. ఫ్లెక్సీ ఎలాగూ పది రోజుల్లో దిగిపోతుంది.