కారు బ్రేకుల్లో ఏది ఎప్పుడు మార్చాలి?

బ్రేకు సామాన్లలో కొన్ని వాడకంతో అరుగుతాయి, కొన్ని కారు కదలకపోయినా కాలంతో పాడవుతాయి. చక్రంతో పాటు తిరిగే డిస్కులు, వాటిని రెండు వైపులా నొక్కే ప్యాడ్లు, డ్రమ్ము లోపల ఒత్తుకునే షూలు మొదటి రకం. వీటిని కొలిచి మార్చాలి. బ్రేక్ ఆయిల్, రబ్బరు హోసులు, సీళ్లు రెండో రకం. వీటికి తేదీ చూడాలి. ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగింది కాబట్టి ప్యాడ్లు మార్చాలన్న లెక్కను నమ్మకండి. అడుగడుగునా ఆగే కారుకూ హైవే మీద సాగిపోయే కారుకూ అరుగుదలలో పోలికే ఉండదు.

కొత్త ప్యాడ్ మీద రాపిడి పొర సాధారణంగా 10–12 మి.మీ. ఉంటుంది. వెనకున్న ఇనుప ప్లేటును ఇందులో కలపకూడదు. పొర 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చేయండి. ఇంకొన్నాళ్లు లాగుదామనుకుంటే, పలచబడ్డ ప్యాడ్ వేడిని ఆపలేక, తనను నెట్టే పిస్టన్ మీదుగా ఆయిల్‌కి పంపిస్తుంది. చాలామంది మోసపోయేది చూడటంలోనే. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే తేలిగ్గా కనిపించేది బయటి ప్యాడ్. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ అటూ ఇటూ జరిగేందుకు ఉన్న స్లైడ్ పిన్ను బిగుసుకుపోతే ముందు అరిగేది లోపలిది. అందుకే సమతలమైన నేల మీద కారు ఆపి, జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం విప్పి రెండూ చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి పెట్టకండి.

రెండు ప్యాడ్ల మధ్య 2 మి.మీ. తేడా ఉన్నా, ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగినా, కొత్త ప్యాడ్లు వేసి ఊరుకోవద్దు, అవీ అలాగే పోతాయి. పిన్నులు తీసి శుభ్రంగా తుడిచి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి పిన్నును మళ్లీ పట్టేస్తుంది. పిన్నుకు తుప్పు గుంటలు పడితే పిన్నునే మార్చాలి. ప్యాడ్లు ఎప్పుడూ ఎడమ, కుడి చక్రాలకు కలిపే మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకి లాగుతుంది.

డిస్కు ఎంతవరకు అరగవచ్చో దాని మీదే కనీస మందం ముద్రించి ఉంటుంది. అంచున అరగని గట్టు మిగులుతుంది కాబట్టి వెర్నియర్ కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు) అడ్డంగా పెడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్‌తో, గట్టుకు లోపల, చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవండి. ఆ మందాల్లో మి.మీ.లో వందో వంతుల తేడా ఉన్నా పెడల్ పాదం కింద అదురుతుంది. డిస్కు వంగిందని అందరూ అనే సందర్భాల్లో చాలావరకు కారణం ఇదే. కనీస మందానికి దగ్గరగా వచ్చిన డిస్కు మీద కొత్త ప్యాడ్లు వేయడం దండగ. ప్యాడ్లు సగం అరిగేలోపే డిస్కు హద్దు దాటుతుంది.

వెనక డ్రమ్ములుంటే విప్పినప్పుడు షూ లైనింగుతో పాటు షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు మడిచి చూడండి. లోపల తడి ఉంటే సీలు పోయింది. ఆయిల్ పీల్చిన షూలు కడిగినా పనికిరావు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డబ్బా మీద డాట్ 4 అని ఉండే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పొడవాటి ఘాట్ దిగేటప్పుడు అది మరిగితే ఆవిరి బుడగలు నలుగుతాయి, పెడల్ మెత్తగా దిగిపోతుంది. తయారీదారు వేరే గడువు చెప్పకపోతే రెండేళ్లకోసారి మార్చండి. రిజర్వాయర్‌లో మట్టం తగ్గగానే పోసేయడం మంచిది కాదు. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం దిగుతుంది కాబట్టి ముందు ప్యాడ్లు చూడండి, తర్వాత లీకు వెతకండి.

హోసుకు పైన పగుళ్లున్నా, బ్రేకు నొక్కినప్పుడు ఉబ్బినా మార్చాలి. పైకి బాగానే ఉండి లోపల పొర ఊడితే, ఆయిల్ వెళ్తుంది కానీ తిరిగి రాదు. ఆ ఒక్క చక్రమే వేడెక్కుతుంది. కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నట్టు వదులు చేయగానే ఆ చక్రం తేలిగ్గా తిరిగిందంటే కాలిపర్ని కాదు, ముందు హోసును అనుమానించండి. ఎక్కడా లీకు లేకుండా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా కిందికి జారుతుంటే పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయినట్టే. దాన్ని వాయిదా వేయకండి.

కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటి తొక్కుడుకి పెడల్ నేలదాకా వెళ్తుంది. అది గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాకే కారును కదిలించండి.