లో బీపీ, ఆరో పాఠం: పంపు మీద 5 అంటే ఎంత మందు?

ఈ పాఠం మొత్తం సిరింజి మార్చడం మీదే రాయాలనుకున్నాం. దాన్ని సగానికి కుదించాల్సి వచ్చింది. కారణం, ఐదో పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు. లెక్క ఇదీ: పేషెంటు బరువు 70 కిలోలు. నార్ అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించి బీపీ పెంచే మందు) రెండు ఆంప్యూళ్లు 5% డెక్స్‌ట్రోజ్‌లో కలిపి మొత్తం 50 ఎంఎల్ చేశాం. కిలోకు నిమిషానికి 0.15 మైక్రోగ్రాములు వెళ్లాలంటే సిరింజి పంపు (సిరింజిని మెల్లగా తోసే యంత్రం) గంటకు ఎన్ని ఎంఎల్ మీద పెట్టాలి? కొందరు 7.9 అన్నారు, కొందరు 3.9, ఇంకొందరు 15.8. గుణకారాలు, భాగహారాలు అందరివీ సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా ఆంప్యూల్ మీద రాసింది చదవడంలో వచ్చింది. అదే సిరింజి, అదే పేషెంటు; డ్యూటీ మారితే మందు నాలుగు రెట్లు మారిపోతుంది. ఇది తేలకుండా ముందుకు పోలేం.

మ్యాప్ (సగటు బీపీ) ఎలా కట్టాలో, దానికి గీతగా పెట్టుకున్న 65 అన్న అంకె ఎక్కడిదో మళ్లీ చెప్పను, మూడో పాఠంలో ఉంది. పంపు నడపడం కూడా చెప్పను. ఐసీయూలో వారం తిరిగినవాళ్లకు అది వచ్చే ఉంటుంది.

ఆంప్యూల్‌ని లైటు కింద పెట్టి చదవండి. మన దగ్గర దొరికే 2 ఎంఎల్ ఆంప్యూళ్లలో చాలావాటి మీద, ప్రతి ఎంఎల్‌లో నార్ అడ్రినలిన్ బైటార్ట్రేట్ 2 మి.గ్రా., అది నార్ అడ్రినలిన్ 1 మి.గ్రా.కు సమానం అని సన్న అక్షరాల్లో ఉంటుంది. బైటార్ట్రేట్ అంటే సాల్ట్. దాని అణుభారం 337, అందులో అసలు మందు 169. అందుకే సగానికి సగం. రక్తనాళాన్ని బిగించేది ఆ సగమే. దాన్నే బేస్ అంటాం. అంటే 2 ఎంఎల్ ఆంప్యూల్‌లో సాల్ట్ 4 మి.గ్రా., బేస్ 2 మి.గ్రా. కొన్ని పెట్టెల మీద 4 మి.గ్రా. అన్నది మాత్రమే పెద్దగా కనిపిస్తుంది, రెండో ముక్క వెతుక్కోవాలి.

ఇప్పుడు జవాబులు చూద్దాం. రెండు ఆంప్యూళ్లంటే బేస్ 4 మి.గ్రా. 50 ఎంఎల్‌లో కలిపితే ఎంఎల్‌కు 80 మైక్రోగ్రాములు. 70 కిలోలకు 0.15 చొప్పున నిమిషానికి 10.5, గంటకు 630 మైక్రోగ్రాములు. 80తో భాగిస్తే 7.9. ఇదే సరైనది. 3.9 అన్నవాళ్లు సాల్ట్ 8 మి.గ్రా.ను పట్టుకున్నారు, ఎంఎల్‌కు 160 అనుకున్నారు. 15.8 అన్నవాళ్లకు బేస్ సంగతి తెలుసు. కానీ 'ప్రతి ఎంఎల్‌లో' అన్న మాట దాటేసి ఆంప్యూల్ మొత్తంలో 1 మి.గ్రా.యే ఉందనుకున్నారు. రెండో తప్పే ప్రమాదం. సగం మందు వెళ్తే బీపీ రాదు, ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. రెట్టింపు వెళ్తే మానిటర్‌లో అంకె అందంగా ఉంటుంది, వేళ్లు నల్లబడేదాకా ఎవరూ అటు చూడరు.

సాల్ట్‌లో లెక్కేస్తే కొంపేం మునిగింది, అందరం ఒకేలా వేస్తే చాలు కదా అని ఒక ప్రశ్న వచ్చింది. అందరూ ఒకేలా వేయరు కాబట్టే ఈ గోల. ఓటీ (ఆపరేషన్ థియేటర్) నుంచి ఐసీయూకి వచ్చే కేసు తీసుకోండి. బరువు 55 కిలోలు. ఓటీ సిరింజి మీద '8 మి.గ్రా./50 ఎంఎల్' అని రాసుంది, 6 ఎంఎల్ మీద నడుస్తోంది. ఛార్టులో డోసు 0.29 (కిలోకు నిమిషానికి మైక్రోగ్రాములు) అని ఉంది. అది సాల్ట్ లెక్క. ఐసీయూ పంపు డ్రగ్ లైబ్రరీలో (పంపులో ముందే నింపిపెట్టిన మందుల పట్టికలో) ఉన్నది బేస్, 4 మి.గ్రా./50 ఎంఎల్. రెండు సిరింజిల్లోనూ ఉన్నది అచ్చంగా ఒకే ద్రావణం. ఐసీయూ సిస్టర్ ఛార్టు చూసి 0.29 కొడుతుంది, పంపు 12 ఎంఎల్ మీద మొదలవుతుంది. ఏ ఒక్కరూ తమ పనిలో తప్పు చేయలేదు, మందు మాత్రం రెట్టింపు పోయింది.

ఇంకోటి. సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయినప్పుడు) నార్ అడ్రినలిన్ 0.25 దాటి నాలుగు గంటలు గడిచినా తగ్గించలేకపోతే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 200 మి.గ్రా. మొదలుపెడతాం. 0.25 నుంచి 0.5 మధ్యకు వచ్చాక వాసోప్రెసిన్ అనే ఇంకో బీపీ మందు జోడిస్తాం. సాల్ట్‌లో రాసుకునే వార్డులో పేషెంటు అసలు 0.125 దగ్గరే ఆ గీత దాటేస్తాడు. అమెరికా, యూరప్ క్రిటికల్ కేర్ సంఘాలు 2024లో కలిసి కూర్చుని, డోసు ఎప్పుడూ బేస్‌లోనే రాయాలని చెప్పింది ఇందుకే.

నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో అంబులెన్స్‌లో హైదరాబాద్‌కు వచ్చే కేసుల రిఫరల్ చీటీల్లో 'నారడ్ 5 ఎంఎల్' అని ఉంటుంది (నారడ్ అంటే నార్ అడ్రినలినే). అది డోసు కాదు, అదసలు ఏమీ కాదు. ఎన్ని ఆంప్యూళ్లు, ఎంత ద్రావణంలో, ఎంత బరువు మనిషికి అన్నవి లేకపోతే ఆ 5కి అర్థం లేదు. తెచ్చిన టెక్నీషియన్ వెళ్లిపోకముందే 'ఎన్ని ఆంప్యూళ్లు వేశారన్నా?' అని అడగండి. ఖాళీ ఆంప్యూళ్లు సిరింజికి టేపుతో అంటించి పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, నాకు చాలా ఇష్టమైన అలవాటు.

సిరింజి లేబుల్ మీద నేను కోరేది ఇంతే: నార్ అడ్రినలిన్ బేస్ 4 మి.గ్రా., మొత్తం 50 ఎంఎల్, ఎంఎల్‌కు 80 మైక్రోగ్రాములు, తేదీ, గంట, కలిపినవాళ్ల సంతకం. ఆంప్యూళ్ల 4 ఎంఎల్‌కు డెక్స్‌ట్రోజ్ 46 ఎంఎల్ కలపాలి. 50లో 4 పోస్తే 54 అవుతుంది, ఎంఎల్‌కు 74కి పడిపోతుంది. ప్రాణం మీదకు రాదు గానీ లెక్క తేడా కొడుతుంది. ఈ 80కి ఒక అడ్డదారి ఉంది: గంటకు 3 ఎంఎల్ అంటే నిమిషానికి 4 మైక్రోగ్రాములు. 6 ఎంఎల్‌కు 8, 9 ఎంఎల్‌కు 12. బరువుతో భాగిస్తే డోసు. రాత్రి మూడింటికి కాలిక్యులేటర్ వెతుక్కోనక్కర్లేదు.

ఇంకో తికమక: 'మొదలుపెట్టి పది నిమిషాలైనా బీపీ లేవలేదు, పెంచుతూ పోయాం, తర్వాత ఒక్కసారిగా 190 కొట్టింది.' ఇందులో మందు తప్పు లేదు. త్రీ-వే (మూడు దారుల కుళాయి) నుంచి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) కొసదాకా ఉన్న జాగా ఒక ఎంఎల్ అనుకోండి. పంపు 3 ఎంఎల్ మీద ఉంటే మందు రక్తంలోకి చేరడానికే 20 నిమిషాలు పడుతుంది. ఈలోగా మీరు మూడుసార్లు పెంచారు, అదంతా వరసలో నిలబడి ఉంది. అదే లైన్‌లో సెలైన్ 10 నుంచి 20 ఎంఎల్ వేగంతో నిలకడగా పోనిస్తే మందు మూడు నుంచి ఐదు నిమిషాల్లో చేరుతుంది. ఆ సెలైన్ వేగాన్ని తర్వాత ముట్టుకోవద్దు. ఆ ల్యూమెన్‌లో (లైన్‌లోని ఆ దారిలో) యాంటీబయాటిక్ తోయొద్దు. తోస్తే దారిలో ఉన్న నారడ్ మొత్తం ఒక్క దెబ్బకు లోపలికి పోతుంది.

పంపు పెంచే ముందు చూడాల్సిన రెండోది ట్రాన్స్‌డ్యూసర్ (ధమనిలో ఒత్తిడిని కొలిచి మానిటర్‌కు పంపే పరికరం). మేస్త్రీలు నీళ్ల పైపుతో లెవల్ పట్టినట్టే ఇదీ. ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో, అంటే నాలుగో పక్కటెముకల సందు, చంక మధ్యగీత కలిసేచోట ఉండాలి. 10 సెం.మీ. తేడా వస్తే బీపీ 7.5 మి.మీ. (పాదరసం) తప్పు చూపిస్తుంది. డ్రెస్సింగ్ కోసం మంచం లేపారు, ట్రాన్స్‌డ్యూసర్ స్టాండుకే ఉండిపోయింది. అది గుండె కంటే కిందికి వచ్చింది కాబట్టి బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మంచం దించితే తక్కువ. ఫ్లష్ (లైన్‌లోకి సెలైన్ వదిలే మీట) లాగి వదిలినప్పుడు మానిటర్‌లో గీత ఒకటి రెండు ఊపులు ఊగి ఆగాలి. అసలు ఊగకపోతే బుడగో, గడ్డో, మెలికో ఉంది, లేదా ప్రెషర్ బ్యాగ్ 300 కంటే దిగిపోయింది. అప్పుడు పైఅంకెను నమ్మొద్దు. మ్యాప్ కొంత మేలు.

ఇప్పుడు సిరింజి మార్పు. నార్ అడ్రినలిన్ సగం జీవితకాలం (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) రెండు మూడు నిమిషాలే. ఎక్కువ డోసు మీద ఉన్న మనిషికి సిరింజి మార్చేటప్పుడు వచ్చే ఆ కాస్త ఖాళీ చాలు, మ్యాప్ 40కి పడటానికి. పాత సిరింజిలో గంటకు సరిపడా మందు ఉండగానే కొత్తది సిద్ధం చేసి రెండో పంపులో బిగించండి. ఇక్కడే అందరూ మరిచేది ఒకటుంది. ప్లంజర్‌కూ పంపు చేతికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. పేషెంటుకు కలపకముందే పర్జ్ (ఆ సందు పోయేలా మందును ముందుకు తోసే బటన్) నొక్కి, ట్యూబు కొసన చుక్క పడేదాకా ఆగండి. లేకపోతే పంపు తిరుగుతున్నట్టు లైటు వెలుగుతుంది, మందు మాత్రం చాలాసేపటిదాకా కదలదు. తర్వాత త్రీ-వేకు కలిపి పాత వేగంతోనే నడపండి. మ్యాప్ ఓ ఐదు పెరిగిందంటే కొత్త మందు చేరినట్టే, అప్పుడు పాతది ఆపండి. డోసు 0.1 కంటే తక్కువుంటే ఇంత హడావుడి అక్కర్లేదు, గబగబా మార్చేయొచ్చు. ఎక్కువుంటే మాత్రం నేను రెండు పంపుల పద్ధతికే ఓటేస్తాను.

త్రీ-వే మూసి ఉండగా పంపు నడిచిందా? 3 ఎంఎల్ వేగంలో అలారం కొట్టడానికి అరగంటైనా పట్టొచ్చు. అప్పటికి ట్యూబులో ఒత్తిడి పేరుకుని ఉంటుంది. కంగారులో త్రీ-వే పేషెంటు వైపు తిప్పేశారంటే పేరుకున్నదంతా ఒక్కసారిగా పోతుంది. ముందు సిరింజిని పంపు పట్టు నుంచి వదులు చేసి ఒత్తిడి దించండి, తర్వాతే తెరవండి.

మందు సరిగ్గా వెళ్తోంది, అంకె నిజమే, అయినా బీపీ నిలబడటం లేదు. ఆపరేషన్ పేషెంటైతే ముందు రక్తస్రావమే అనుకోండి. డ్రెయిన్‌లో ఏమీ రాలేదంటే నమ్మకండి, అది గడ్డకట్టి మూసుకుపోయి ఉండొచ్చు. హిమోగ్లోబిన్ మొదటి గంటల్లో తగ్గకపోవచ్చు, రిపోర్టు బాగుందని ఊరుకోవద్దు. నాడి పెరుగుతోందా, పొట్ట బిగుస్తోందా, మూత్రం కిలోకు గంటకు 0.5 ఎంఎల్ కంటే తగ్గిందా చూడండి. నారడ్ పెంచుకుంటూ పోతే మానిటర్ బాగుపడుతుంది, పొట్టలో రక్తం నిండుతూనే ఉంటుంది. ఎపిడ్యూరల్ (వెన్నులో గొట్టం ద్వారా ఇచ్చే నొప్పి మందు) నడుస్తుంటే ఆపి, మొద్దుబారింది ఎక్కడిదాకా పాకిందో చూడండి. వెంటిలేటర్ మీదుండి ఉన్నట్టుండి పడిపోతే ఛాతీ రెండు వైపులా వినండి.

మన ఊళ్లో వానాకాలం వచ్చిందంటే ఇంకో మినహాయింపు. డెంగీ పేషెంటుకు బీపీ 100/85. మ్యాప్ 90. 65 కంటే బోలెడంత పైన ఉంది కదా అని వదిలేస్తే మునిగినట్టే. పైఅంకెకూ కిందిఅంకెకూ తేడా 15 మాత్రమే. అది 20కి గానీ అంతకంటే తక్కువకు గానీ దిగిందంటే షాక్ మొదలైందని అర్థం. చేతులు చల్లబడతాయి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతూ ఉంటుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతోంది కాబట్టి ఇక్కడ ముందు కావాల్సింది నారడ్ కాదు, సెలైనో రింగర్ లాక్టేటో. పెద్దవాళ్లకు కిలోకు 5 నుంచి 10 ఎంఎల్ గంటలో ఇచ్చి, మళ్లీ చూసుకుంటూ తగ్గిస్తూ రావాలి. ఇలాంటివాళ్లకు మ్యాప్ ఒక్కటే రాసుకునే ఛార్టు పనికిరాదు, రెండు అంకెలూ రాయండి.

ఓటీ వాళ్లకు ఒక మాట. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) తర్వాత బీపీ పెంచే మెఫెంటర్మిన్ 6 మి.గ్రా. చొప్పున నాలుగైదు సార్లు తోసి, పనిచేయడం లేదంటారు. అది నరాల కొసల్లో దాచుకున్న నార్ అడ్రినలిన్‌ను బయటికి తోసి పనిచేస్తుంది, నిల్వ తగ్గేకొద్దీ పస తగ్గుతుంది. సిజేరియన్‌లో నాడి బాగానే ఉంటే ఫినైలెఫ్రిన్ అనే ఇంకో బీపీ మందు 50 నుంచి 100 మైక్రోగ్రాములు మేలు. 10 మి.గ్రా. ఆంప్యూల్‌ని రెండుసార్లు పలచన చేసే సర్కస్ నాకు నచ్చదు. 100 ఎంఎల్ సెలైన్ సీసాలో పోస్తే ఎంఎల్‌కు 100 మైక్రోగ్రాములు, అయిపోయింది. సీసా మీద పెద్దగా పేరు రాయండి, లేకపోతే ఎవరో యాంటీబయాటిక్ సీసా అనుకుని డ్రిప్పు వదిలేస్తారు. నాడి 60 కంటే తక్కువుంటే ఫినైలెఫ్రిన్ జోలికి పోవద్దు.

అభ్యాసం. ఈసారి కాస్త బరువుగానే ఉంది. 48 కిలోల మనిషి, పేగు చిల్లుపడి ఆపరేషన్ అయి రెండో రోజు. నార్ అడ్రినలిన్ 2 ఎంఎల్ ఆంప్యూళ్లు నాలుగు, మొత్తం 50 ఎంఎల్, 5 ఎంఎల్ మీద నడుస్తోంది. సిరింజిలో 9 ఎంఎల్ మిగిలింది. మానిటర్‌లో మ్యాప్ 68. ఇప్పుడే డ్రెస్సింగ్ కోసం మంచం 20 సెం.మీ. లేపారు, ట్రాన్స్‌డ్యూసర్ స్టాండుకే ఉంది. అసలు మ్యాప్ ఎంత? బేస్‌లో డోసు ఎంత, సాల్ట్‌లో ఎంత? సిరింజి ఎప్పటికి అయిపోతుంది, కొత్తది ఎప్పుడు బిగించాలి? వాసోప్రెసిన్ 20 యూనిట్లు 50 ఎంఎల్‌లో కలిపి నిమిషానికి 0.03 యూనిట్లు ఇవ్వాలంటే పంపు ఎంత మీద పెట్టాలి? మందు జోడించే ముందు మంచం దగ్గర చేతులతో చూడాల్సినవి ఏవి, ఏ వరసలో? ఉత్త అంకెలు రాసి పంపొద్దు, ప్రతి అంకె పక్కన యూనిట్ ఉండాలి. వాసోప్రెసిన్ దగ్గర బరువుతో గుణించారంటే మాత్రం ఐదో పాఠం మళ్లీ మొదటి నుంచి.